రెండు పనుల్లోనూ వెనకబడ్డవారికి ఏం పని?

సూరత్ దగ్గరి కడోదరా నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. డిగ్రీ మొదటి సంవత్సరం, అర్థశాస్త్రం. వాళ్ల నాన్న వరంగల్ వైపు నుంచి సూరత్ చేరి మరమగ్గాల మీద పనిచేస్తున్నారట. ఆమె అడిగింది ఇదీ: "సూరత్‌లో నూలు దగ్గర, రంగుల మిల్లులు దగ్గర, మార్కెట్టు దగ్గర. సిరిసిల్ల మరమగ్గాలకి ఇవేవీ లేవు. చీరైనా, లంగా గుడ్డైనా ఇక్కడే చవగ్గా తయారవుతుంది. రెండు పనుల్లోనూ ఒకరే మెరుగైతే రెండోవాళ్లకి ఇంక పనెందుకుంటుంది? మా పుస్తకంలో దీనికి తులనాత్మక ప్రయోజనం అని రెండు పేజీలు రాశారు. మూడుసార్లు చదివాను, అర్థం కాలేదు."

అర్థం కాకపోవడంలో ఆమె తప్పేమీ లేదు. ఆ రెండు పేజీలూ, వాటికి చాలా ముందే వచ్చే ఉత్పత్తి అవకాశాల రేఖా నిజానికి ఒకే విషయం. పుస్తకాలు దాన్ని రెండుగా కోసి, ఒక ముక్కని మొదటి అధ్యాయంలోనూ ఇంకో ముక్కని విదేశీ వ్యాపారం అధ్యాయంలోనూ పడేశాయి. అతికించి చూస్తే అర్థశాస్త్రంలో ఇంతకంటే అందమైన లెక్క ఇంకోటి లేదని నేను నమ్ముతాను.

మొదటి ముక్కని త్వరగా దాటేద్దాం. కడోదరా అంటే పాత ఎనిమిదో నంబరు జాతీయ రహదారి, అంటే ఇప్పటి 48, సూరత్–బార్డోలీ రోడ్డుని కోసుకుంటూ పోయే చౌరస్తా. చుట్టూ రంగుల మిల్లులు, నేత షెడ్లు. పక్కనే చల్థాణ్‌లో సహకార చక్కెర ఫ్యాక్టరీ. తాపీ నది మీద కాకరాపార్ ఆనకట్ట, ఆ తర్వాత ఉకాయ్ ఆనకట్ట వచ్చాక కాలువ నీళ్లతో ఈ తాలూకాలన్నీ చెరకు నేలలయ్యాయి. ఒక ఎకరంలో చెరకైనా వేయాలి, షెడ్డైనా కట్టాలి, రెండూ కుదరవు. ఉన్న నేలతో ఎంత చెరకు పండిస్తే ఎంత గుడ్డ నేయగలమో ఆ జతలన్నిటినీ గ్రాఫు మీద చుక్కలుగా పెట్టి కలిపితే వచ్చేదే ఉత్పత్తి అవకాశాల రేఖ. ఒకటి ఎక్కువ కావాలంటే రెండోది ఎంత వదులుకోవాలో చెప్పేది అవకాశ వ్యయం. ఇంతవరకూ ఏ గైడులోనైనా ఉంటుంది.

ఆ రేఖ తిన్నగా ఉండదు, బయటికి ఉబ్బి ఉంటుంది. ఎందుకు? "పెరిగే అవకాశ వ్యయ సూత్రం వల్ల" అని పుస్తకం ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది. జ్వరం ఎందుకొచ్చిందంటే ఒళ్లు వేడెక్కింది కాబట్టి అన్నట్టుంది ఆ జవాబు. వ్యయం ఎందుకు పెరుగుతుందో చెప్పాలి కదా. అదే చూద్దాం.

సూరత్ చీరల పనిలో ఇళ్లల్లో ఆడవాళ్లు చేసేది చాలా ఉంది. మిషన్ ఎంబ్రాయిడరీ అయిన చీర వెనక వేలాడే దారాలు కత్తిరించాలి, అంచుకి లేసు కుట్టాలి. ఒక ఇంట్లో వదినా మరదలూ ఈ పని పెట్టుకున్నారనుకుందాం. అంకెలు నేను ఊహించినవి, లెక్క కోసం. పది గంటల రోజులో వదిన ఒక్క లేసు పనే చేస్తే 24 చీరలకి కుడుతుంది, ఒక్క కత్తిరింపే చేస్తే 48 చీరలు కత్తిరిస్తుంది. మరదలికి చెయ్యి ఇంకా తిరగలేదు. లేసైతే రోజుకి 6, కత్తిరింపైతే 30. రెండు పనుల్లోనూ వదినదే పైచేయి. కడోదరా అమ్మాయి అడిగిన ప్రశ్న అచ్చంగా ఇదే.

ఎవరి చీరలు వాళ్లే మొదటినుంచీ చివరిదాకా పూర్తి చేస్తే వదిన రోజుకి 16 చీరలు ముగిస్తుంది. 16 లేసులకి మూడింట రెండొంతుల రోజు, 16 కత్తిరింపులకి మిగతా వంతు. మరదలు 5 చీరలు ముగిస్తుంది. ఇద్దరివీ కలిపి 21.

ఇప్పుడు వేగం సంగతి పక్కనపెట్టి, ఎవరేం వదులుకుంటున్నారో చూడండి. వదిన ఒక లేసు కుట్టే సమయంలో రెండు కత్తిరింపులు చేయగలదు. అంటే ఆమె లేసు ఖరీదు రెండు కత్తిరింపులు. మరదలు ఒక లేసు కుట్టే సమయంలో ఐదు కత్తిరింపులు పోతున్నాయి. లేసు విషయంలో మరదలు ఖరీదైన మనిషి. అదే కత్తిరింపు విషయంలో చూస్తే వదినకి ఒక్కో కత్తిరింపు అర లేసు, మరదలికి లేసులో ఐదో వంతు. నెమ్మదిగా చేసే మరదలి కత్తిరింపే చవక! ఇందులో గారడీ ఏమీ లేదు. ఒకటి భాగించు రెండు, ఒకటి భాగించు ఐదు. ఒక పనిలో నిష్పత్తి ఎక్కువైతే రెండో పనిలో అదే తలకిందులై తక్కువవుతుంది. ఇద్దరి నిష్పత్తులూ సరిగ్గా సమానమైతే ఖరీదు ఇద్దరికీ ఒకటే. లేకపోతే ఏ మనిషీ రెండు పనుల్లోనూ ఖరీదైన మనిషి కాలేదు, రెండు పనుల్లోనూ చవకైన మనిషీ కాలేదు.

వదిన రోజంతా లేసు మీదే కూర్చుంటే 24. ఆ 24 చీరల దారాలూ కత్తిరించడానికి మరదలికి ఎనిమిది గంటలు చాలు. 21 చీరలు అయ్యే చోట 24 అయ్యాయి, పైగా మరదలికి రెండు గంటలు మిగిలాయి. ఎవరూ వేగం పెంచలేదు, కొత్త మిషను కొనలేదు. పొరపాటున పనులు తారుమారు చేసి మరదలికి లేసు, వదినకి కత్తిరింపు ఇస్తే రోజు ముగిసేసరికి పూర్తయ్యేవి 6 చీరలే.

ఇప్పుడు ఆ ఇద్దరికీ కలిపి ఉత్పత్తి అవకాశాల రేఖ గీయండి. ఇక్కడే నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఇద్దరూ లేసే కుడితే 30 లేసులు, కత్తిరింపు సున్నా. కొన్ని కత్తిరింపులు కావాలనుకుందాం. ముందు ఎవర్ని లేపాలి? మరదల్ని. ఆమె ఒక్కో లేసు వదిలితే ఐదు కత్తిరింపులు వస్తాయి. ఆమె మొత్తం మారిపోయేసరికి 24 లేసులు, 30 కత్తిరింపులు. ఇంకా కావాలంటే వదిన లేవాలి, అప్పుడు ఒక్కో లేసుకి రెండే కత్తిరింపులు. రేఖ ఆ బిందువు దగ్గర టక్కున వంగుతుంది. ఇద్దరున్నచోట ఒక మూల, పదిమంది ఉంటే తొమ్మిది మూలలు, వేలమంది ఉంటే మూలలన్నీ కలిసిపోయి నున్నటి ఉబ్బు. పుస్తకం సూత్రమని పేరు పెట్టి వదిలేసిన ఆ ఉబ్బు పుట్టేది ఇక్కడే, మనిషికీ మనిషికీ ఉన్న తులనాత్మక ప్రయోజనంలో. చవగ్గా ఇవ్వగలిగినవాళ్లు ముందు ఇస్తారు, ఖరీదైనవాళ్లు తర్వాత. అందుకే వ్యయం పెరుగుతుంది.

ఇంకో తప్పు కూడా ఇక్కడే బయటపడుతుంది. రేఖకి లోపలున్న బిందువంటే వనరులు ఖాళీగా ఉన్నాయనీ, నిరుద్యోగమనీ పుస్తకాలు చెబుతాయి. మన వదినామరదళ్లు ఎవరి చీరలు వాళ్లు చేసుకున్నప్పుడు 21 లేసులు, 21 కత్తిరింపులు. ఇద్దరూ పది గంటలూ నడుం ఎత్తకుండా పనిచేశారు. అయినా ఆ బిందువు రేఖకి లోపలే ఉంది. 21 కత్తిరింపులూ మరదలే చేసుంటే 25 లేసులు పూర్తయి, ఇరవై ఆరోది ముగింపుకి వచ్చుండేది. పనిలేక లోపల ఉండటం వేరు, ఒకరి పని ఇంకొకరు చేస్తూ లోపల ఉండటం వేరు. మన దేశంలో ఈ రెండో రకం నష్టం చాలా ఎక్కువని నా అభిప్రాయం. అది ఏ నిరుద్యోగ లెక్కలోనూ కనపడదు.

మనుషులకున్నట్టే నేలకీ, యంత్రాలకీ ఈ వరస ఉంటుంది. కడోదరా చుట్టూ చెరకు నేల షెడ్లుగా మారుతుంటే, లెక్క ప్రకారం ముందు మారాల్సింది రోడ్డుకి ఆనుకుని కాలువ నీరు సరిగా అందని ముక్క. నిండా నీరున్న చెరకు నేల చివర్న మారాలి. యంత్రాల విషయం ఇంకా బాగుంటుంది. సూరత్ చుట్టూ వాటర్‌జెట్ మగ్గాలు విపరీతంగా వచ్చాయి. వీటిల్లో పేక దారాన్ని పడుగులోంచి దాటించడానికి నాడె ఉండదు. సన్నటి నీటిధార దారాన్ని ఈ చివర్నుంచి ఆ చివరకి విసిరేస్తుంది. పాలియెస్టర్ నీటిని పీల్చుకోదు కాబట్టి సరిపోయింది. నూలు దారమైతే తడిసి బరువెక్కిపోతుంది. ఆ మగ్గం కొన్న రోజునే ఆ షెడ్డు నూలుగుడ్డకి దాదాపు దూరమైపోయినట్టు. పక్కన హజీరాలో పాలియెస్టర్ నూలు తయారవుతుంది, పాండేసరాలో, సచిన్‌లో, పల్సాణా తాలూకాలో రంగుల మిల్లులున్నాయి. సూరత్ ఒక పనిలో అంత చవకవుతున్నకొద్దీ మిగతా పనుల్లో అంత ఖరీదవుతూ వచ్చింది. రెండోవాళ్లకి చోటు దొరికేది అక్కడే.

ఇక ఈ లెక్కని కనిపెట్టినవాళ్ల, దాన్ని తప్పు చదివినవాళ్ల కథ. 1776లో ఆడం స్మిత్ ఇంట్లో చేసుకునే ఖర్చుకంటే బయట చవగ్గా దొరికేది కొనుక్కోమన్నాడు. మంచిమాటే కానీ, రెండూ బయటే చవకైతే ఏం చేయాలన్న ప్రశ్నని ఆయన తేల్చలేదు. 1815లో రాబర్ట్ టారెన్స్ అనే నౌకాదళ సైనికాధికారి ధాన్యం వ్యాపారం మీద రాస్తూ జవాబుకి చాలా దగ్గరకొచ్చాడు. 1817లో డేవిడ్ రికార్డో తన గ్రంథం ఏడో అధ్యాయంలో నాలుగు అంకెలతో తేల్చేశాడు. ఆయన లండన్ షేర్ మార్కెట్లో డబ్బు సంపాదించి, ఆ తర్వాత అర్థశాస్త్రం రాసిన మనిషి. ఇంగ్లండులో గుడ్డకి ఏడాదికి 100 మంది శ్రమ, ద్రాక్షసారాకి 120. పోర్చుగల్‌లో గుడ్డకి 90, సారాకి 80. రెండింట్లోనూ పోర్చుగలే మెరుగు. అయినా ఇంగ్లండు గుడ్డ నేయాలి, పోర్చుగల్ సారా చేయాలి.

ఆ నాలుగు అంకెల్నీ దాదాపు ప్రతి పాఠ్యపుస్తకమూ తప్పు చదివింది. "ఒక యూనిట్ గుడ్డకి 100, ఒక యూనిట్ సారాకి 120" అని పట్టిక వేసి, నిష్పత్తులు తీయమంటుంది. రికార్డో చెప్పింది యూనిట్ గురించి కాదు. వాస్తవంగా ఒకదానికొకటి మారుతున్న మొత్తం గుడ్డ, మొత్తం సారా గురించి. అలా చదివితే లెక్క ఎంత సులువో చూడండి. ఇంగ్లండు 100 మంది నేసిన గుడ్డ ఇచ్చి, సొంతంగా చేస్తే 120 మంది పట్టే సారా తెచ్చుకుంది. 20 మంది శ్రమ మిగిలింది. పోర్చుగల్ 80 మంది శ్రమ ఇచ్చి 90 మంది శ్రమ తెచ్చుకుంది. 10 మంది మిగిలారు. భాగహారమే అక్కర్లేదు, రెండు తీసివేతలు చాలు. ఆర్థికవేత్త పియెరో స్రాఫా 1930లోనే ఈ దారి చూపించాడు. 2002లో రాయ్ రఫిన్ దీన్ని వివరంగా రాసేదాకా చాలామంది రికార్డో అంకెలు సగం సగంగా ఉన్నాయనీ, ధర ఆయన చెప్పలేదనీ విమర్శిస్తూనే ఉన్నారు. ధర ఆ అంకెల్లోనే ఉంది!

శ్రమని తీసేసి దాని స్థానంలో అవకాశ వ్యయాన్ని కూర్చోబెట్టినవాడు ఆర్థికవేత్త గాట్‌ఫ్రీడ్ హాబెర్లర్, 1930లో. రేఖనీ, రికార్డోనీ కలిపి కుట్టింది ఆయనే. మన పుస్తకాలు ఆ కుట్టు విప్పేశాయి. 1948లో సామ్యూల్సన్ పాఠ్యపుస్తకం తుపాకులూ వెన్నా అన్న ఉదాహరణతో రేఖని మొదటి పాఠంలోకి తెచ్చింది. అప్పట్నుంచీ సిరిసిల్ల పిల్లలు కూడా తుపాకులూ వెన్నా గీస్తున్నారు.

రికార్డో అధ్యాయంలో అందరూ దాటేసే ఒక షరతు ఉంది. కడోదరా అమ్మాయికి అన్నిటికంటే ముఖ్యమైనది అదే. ఈ లెక్క దేశాల మధ్య చెల్లుతుంది కానీ, ఒక దేశంలోని రెండు ఊళ్ల మధ్య అలాగే చెల్లదని ఆయన స్పష్టంగా రాశాడు. యార్క్‌షైర్‌లో లాభం ఎక్కువైతే లండన్ పెట్టుబడి అక్కడికే పోతుంది. పెట్టుబడీ మనుషులూ స్వేచ్ఛగా కదిలితే గుడ్డా సారా రెండూ పోర్చుగల్‌లోనే తయారవుతాయని కూడా ఆయనే అన్నాడు. తరలిపోలేనివాళ్ల మధ్య తులనాత్మక ప్రయోజనం పనిచేస్తుంది. తరలిపోగలిగినవాళ్లు ఎక్కడ మెరుగో అక్కడికి పోతారు.

వరంగల్, కరీంనగర్, నల్గొండ పద్మశాలీలు భివండీ, షోలాపూర్, సూరత్ వెళ్లింది ఇందుకే. సూరత్ లింబాయత్‌లో తెలుగు వీధులు ఏర్పడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. వరంగల్ దగ్గర వస్త్రం నేయడం మానేసి వాళ్లు ఇంకోటి ఎంచుకోలేదు. అదే నేతని మోసుకుని, నూలూ రంగూ మార్కెట్టూ ఉన్నచోటికి నడిచారు. తమ్ముళ్లూ బావమరుదులూ వెనకాలే వెళ్లారు. ఆ అమ్మాయి నాన్నగారు రికార్డో షరతుకి అవతలివైపు మనిషి. పుస్తకంలో లేనిది అదే.

అయితే అందరూ తరలరు. ఇల్లు, ముసలి తల్లిదండ్రులు, అప్పు ఇచ్చే ఆసామి, అలవాటైన సాంచాలు, అంటే మరమగ్గాలు. సిరిసిల్ల ఉండిపోయినవాళ్ల ఊరు. ఉండిపోయినవాళ్ల మధ్య లెక్క మళ్లీ రికార్డోదే. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచడం మొదలుపెట్టినప్పుడు సిరిసిల్లకి ఆర్డరిచ్చింది. ఉన్న సాంచాలతో, ఉన్న నెలల్లో అన్ని చీరలు కావడం కుదరలేదు. అది వాళ్ల రేఖకి బయటి బిందువు. కొంత భాగం సూరత్ నుంచి తెచ్చారు. తర్వాతి ఏళ్లలో అక్కడే నేయించారు. సిరిసిల్ల చీర నేయడం నేర్చింది. మరదలి చెయ్యి తిరిగినట్టే, ఇవాళ్టి తులనాత్మక ప్రయోజనం రేపటికి మారుతుంది. కొన్నవాడు ఒక్కడే కావడంతో, 2024లో ఆర్డర్లు ఆగినప్పుడు సాంచాలూ ఆగాయి.

వ్యాపారం ఒక్క దిక్కుకే నడవదని చెప్పడానికి జరీ చాలు. గద్వాల, ధర్మవరం చీరల్లో మెరిసే జరీలో చాలా భాగం సూరత్‌ది. సూరత్‌కి మగ్గాలు తక్కువా? పట్టుచీర కొంగుని చేత్తో కలిపి నేసే ఓపికకి సూరత్‌లో ఖరీదెక్కువ, ఆ చేతులు ఇంకోచోట ఎక్కువ సంపాదిస్తాయి. అందుకే తీగ అక్కడ, నేత ఇక్కడ. పోచంపల్లి ఇక్కత్‌ నమూనాని సూరత్‌ పాలియెస్టర్ మీద అచ్చొత్తి పోచంపల్లి పేరుతో అమ్మడం మాత్రం ఈ సిద్ధాంతం కిందకి రాదు. అది ప్రయోజనమూ కాదు, పోటీ కూడా కాదు, మోసం. 1985 చేనేత రిజర్వేషన్ చట్టం, పోచంపల్లికి దక్కిన భౌగోళిక గుర్తింపు ఉన్నా అది ఆగలేదు. ఆ చట్టాల్ని అమలు చేయాల్సినవాళ్లు తులనాత్మక ప్రయోజనం పేరు చెప్పి తప్పుకోకూడదు.

పంపకం సంగతి మిగిలింది. వదినా మరదళ్లు పనులు మార్చుకున్నప్పుడు ఒక లేసుకి ఎన్ని కత్తిరింపులు? రెండుకంటే తక్కువైతే వదిన ఒప్పుకోదు, ఐదుకంటే ఎక్కువైతే మరదలు ఒప్పుకోదు. మూడు అనుకున్నారనుకోండి. వదిన 6 లేసులిచ్చి 18 కత్తిరింపులు తీసుకుంటుంది. ఆమెకి 16 బదులు 18 చీరలు. మరదలికి 5 బదులు 6, ఇంకా రెండు గంటలు ఖాళీ. ఇద్దరికీ లాభమే. కానీ మూడే ఎందుకు, నాలుగున్నర ఎందుకు కాకూడదు? రికార్డో సిద్ధాంతం ఆ హద్దులు చెబుతుంది, లోపల ఎక్కడ ఆగాలో చెప్పదు. గిరాకీని బట్టి ఆగుతుందని జాన్ స్టూవర్ట్ మిల్ 1844లో చెప్పాడు. సేటు దగ్గర నాలుగు నెలలు ఆగగల డబ్బుండి, కార్మికుడి దగ్గర నాలుగు రోజులు ఆగే బియ్యం లేనప్పుడు, బేరం ఏ హద్దుకి జరుగుతుందో కడోదరాలో ఎవర్నడిగినా చెబుతారు.

2023 మార్చిలో కేంద్రం ప్రకటించిన ఏడు మిత్రా వస్త్ర పార్కుల్లో వరంగల్ ఒకటి, సూరత్ పక్కనున్న నవసారి ఇంకొకటి. రెండుచోట్లా ఒకే మగ్గాలు, ఒకే పాలియెస్టర్ పెడితే రికార్డోని చదవనట్టే. వరంగల్ చుట్టూ పత్తి పండుతుంది, హజీరా నవసారికి దగ్గర. రెండు పార్కుల రేఖలూ వేరువేరు వంపులతో ఉండాలి.

కాబట్టి ఉత్తరం రాసిన అమ్మాయికి నా జవాబు: రెండు పనుల్లోనూ వెనకబడ్డవాళ్లకి పని తప్పక ఉంటుంది, అది అంకగణితం. ఆ పనికి కడుపు నిండే కూలి ఉంటుందని మాత్రం రికార్డో ఎక్కడా హామీ ఇవ్వలేదు. అది బేరంలో తేలాలి, సంఘంలో తేలాలి, చట్టంలో తేలాలి.

ఇంటర్‌లోనూ డిగ్రీలోనూ ఈ పాఠం చెప్పే అధ్యాపకులకి ఒక విన్నపం. ఈసారి రేఖ గీసేటప్పుడు తుపాకులూ వెన్నా వదిలేయండి. ఇద్దరు మనుషుల్ని, రెండు పనుల్ని తీసుకుని, ఆ మూల ఎక్కడొస్తుందో పిల్లలతోనే గీయించండి. విదేశీ వ్యాపారం అధ్యాయానికి వచ్చేసరికి వాళ్లకి కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా ఉండదు.